ఉపాధ్యాయుల శిక్షణకు వాట్సాప్, యూట్యూబ్, టెలిగ్రామ్: హెచ్‌ఎంలకు సమగ్ర మార్గదర్శి

"స్టాఫ్‌తో గ్రూపు పెట్టాం సార్. రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత అంతా సర్క్యులర్లు, పుట్టినరోజు శుభాకాంక్షలే. పాఠాల గురించి మాట్లాడుకునే గ్రూపుగా దాన్ని మార్చడం ఎలా?" హెచ్‌ఎంల నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అందుకే పద్ధతి మొత్తం వరుసగా రాస్తున్నాను. జిల్లా పరిషత్ హైస్కూల్ హెచ్‌ఎంలను, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్‌ఎంలను దృష్టిలో పెట్టుకుని రాసిందే అయినా ప్రైవేటు బడి ప్రిన్సిపాల్‌కీ చాలావరకు పనికొస్తుంది.

ఒక సంగతి ముందే తేల్చుకుందాం. ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్త్యంతర శిక్షణ పొందాలని జాతీయ విద్యా విధానం 2020 చెబుతోంది. హెచ్‌ఎంలకూ అంతే. ఈ గ్రూపు పెట్టేది ఆ గంటల లెక్క కోసం కాదు. దీక్షాలో (ప్రభుత్వ ఆన్‌లైన్ బోధన, శిక్షణ వేదిక) కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది, గ్రూపులో మాట్లాడితే రాదు. కోర్సులో విన్నదాన్ని సోమవారం మూడో పీరియడ్‌లో మన పిల్లలకు ఎలా చెప్పాలో నలుగురూ కలిసి తేల్చుకోవడమే ఈ గ్రూపు పని.

## 1. ఫోన్ తీసే ముందు: ఒక్క సమస్య ఎంచుకోండి

గ్రూపులు నీరసించిపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం, అసలు దేని గురించి మాట్లాడుకోవాలో తేల్చుకోకుండా గ్రూపు తెరవడం. ఇంటర్నెట్‌లో సరుకు బోలెడు ఉంది. మన బడికి ఇప్పుడు ఏది కావాలో మాత్రం అది చెప్పదు. అది పిల్లల నోటుబుక్కుల్లోనే దొరుకుతుంది.

మొన్నటి ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) జవాబు పత్రాలు ఒక కట్ట తీసుకుని, ఆ సబ్జెక్టు టీచర్‌తో కలిసి అరగంట కూర్చోండి. మార్కులు వదిలేసి తప్పులు చూడండి. ఎక్కువ మంది ఒకేలా చేసిన తప్పు ఏది?

"గణితంలో వెనకబడ్డారు" అన్నది గ్రూపులో చర్చించగల సమస్య కాదు. "6వ తరగతిలో సగానికి పైగా పిల్లలు 0.4 కన్నా 0.35 పెద్దదని రాస్తున్నారు" అన్నది చర్చించగలిగింది. "తెలుగు రాదు" అనే మాటకు బదులు "7వ తరగతిలో పది మంది ఒత్తులు వదిలేసి రాస్తున్నారు, కానీ చదివేటప్పుడు సరిగ్గానే పలుకుతున్నారు" అనండి. అప్పుడే ఎవరైనా ఒక ఉపాయం చెప్పగలుగుతారు.

ఎంచుకున్న సమస్యకు ఆరు వారాలు గడువు పెట్టండి. ఆ ఆరు వారాల్లో ఎఫ్ఏ, ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు పడకుండా చూసుకోండి. పరీక్షల వారంలో పేపర్లు దిద్దే టెన్షన్ ఉంటుంది, గ్రూపు ఎవరూ చూడరు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

☐ సమస్యను ఒకే వాక్యంలో రాయగలిగాను, అందులో తరగతి, అంశం ఉన్నాయి
☐ దానికి రుజువుగా కనీసం ఐదు నోటుబుక్కులు చూశాను
☐ ఆ సబ్జెక్టు టీచర్‌తో ముందే మాట్లాడాను, గ్రూపులో చూసి ఆశ్చర్యపోయే పరిస్థితి లేదు
☐ ఆరు వారాల్లో పరీక్షలు, పెద్ద సెలవులు లేవు

మూడో గడి ముఖ్యం. తన తరగతి సమస్యను హెచ్‌ఎం నలుగురిలో పెట్టారని ఏ టీచర్‌కైనా ఒకసారి అనిపిస్తే, ఆ టీచర్ ఇక నోరు విప్పరు.

## 2. ఏ వేదిక దేనికి

దీని మీద ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. మాటామంతీకి వాట్సాప్ చాలు, అందరి ఫోన్లలోనూ ఉంది.

టెలిగ్రామ్ ఫైళ్లు దాచుకోవడానికి బాగుంటుంది. పెద్ద ఫైళ్లు పడతాయి, ఛానెల్‌లో కొత్తగా చేరినవాళ్లకు పాత పోస్టులు కనిపిస్తాయి. వర్క్‌షీట్లు, పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు అక్కడ పెట్టి, లింకు మాత్రం వాట్సాప్‌లో ఇవ్వండి.

మనం తీసిన బోధనా వీడియోలకు యూట్యూబ్‌లో "అన్‌లిస్టెడ్" పద్ధతి ఉంది. అలా పెట్టిన వీడియో వెతికితే దొరకదు. కానీ లింకు ఎవరి చేతికి చిక్కినా చూడగలరు. కాబట్టి పిల్లలు కనిపించే వీడియో అన్‌లిస్టెడ్‌గా కూడా పెట్టవద్దు.

ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో ఉపాధ్యాయుల పేజీలు, ఛానెళ్లు చాలా ఉన్నాయి. వాటిని చూసి, ఏరి, మన గ్రూపుకు తెచ్చే పని మీది. స్టాఫ్ అందరినీ అక్కడికి పంపితే ఎవరి దారిన వాళ్లు పోతారు.

ఇద్దరు, ముగ్గురు టీచర్లే ఉన్న ప్రాథమిక పాఠశాలల్లో బడికొక గ్రూపు పెట్టి లాభం లేదు. కాంప్లెక్స్ స్థాయిలో 1, 2 తరగతులు చెప్పేవాళ్లకు ఒకటి, 3, 4, 5 తరగతుల వాళ్లకు ఒకటి పెట్టండి. పదిహేను నుంచి పాతిక మంది ఉంటే గ్రూపు బాగా నడుస్తుంది. అంతకు మించితే సగం మంది చూసి ఊరుకుంటారు.

## 3. గ్రూపు కట్టడం: సెట్టింగులు

ఇప్పటికే ఉన్న స్టాఫ్ గ్రూపును మార్చాలని చూడకండి. అది సర్క్యులర్ల కోసం అలాగే ఉండనివ్వండి. దానికి కొత్తది తోడు పెట్టండి.

1. పాత గ్రూపులో "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు" అని సెట్ చేయండి. ప్రొసీడింగ్స్, అటెండెన్స్ గుర్తుచేయడం, వివరాలు అడగడం అన్నీ అందులోనే.
2. కొత్త గ్రూపుకు సమస్య పేరే పెట్టండి: "6వ తరగతి దశాంశాలు, ఆగస్టు–సెప్టెంబర్". ఆరు వారాల తర్వాత పేరు మార్చవచ్చు. పేరు చూడగానే ఇక్కడ ఏం మాట్లాడాలో తెలుస్తుంది.
3. అడ్మిన్లుగా ఇద్దరు ఉండండి: మీరు, స్టాఫ్‌లో అందరూ గౌరవించే మరో టీచర్. ఆ రెండో వ్యక్తి మీ చెప్పుచేతల్లో ఉంటారని పేరున్నవారు కాకూడదు.
4. గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి, పేరు, ఫోటో మార్చే అధికారం అడ్మిన్లకే ఉంచండి. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా పెట్టండి. చేరే లింకును ఎక్కడా పోస్టు చేయకండి.
5. డిజప్పియరింగ్ మెసేజెస్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉంటే పోస్టులు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మాయమవుతాయి.
6. ప్రతి ఒక్కరినీ తమ ఫోన్‌లో ఈ గ్రూపుకు మీడియా విజిబిలిటీ "నో" పెట్టుకోమనండి. అప్పుడు నోటుబుక్కుల ఫోటోలు ఇంటి ఫోటోలతో కలిసి గ్యాలరీ నింపవు. ఫోన్ నిండిపోతోందనే చాలామంది గ్రూపులు వదిలి వెళ్లిపోతారు.
7. ఆ వారం ప్రశ్నను పిన్ చేయండి. మూడు మెసేజ్‌ల వరకు పిన్ చేయవచ్చు, ఒకటి చాలు.

ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని, ఇతర అధికారులను ఈ గ్రూపులో చేర్చకండి. వాళ్ల మీద గౌరవం లేక కాదు. పై అధికారి చూస్తున్నారంటే "నా పాఠం పిల్లలకు అర్థం కాలేదు" అని ఎవరూ రాయరు. ఆ మాట రాయగలిగినప్పుడే ఈ గ్రూపుకు అర్థం.

## 4. నియమాలు: ఆరు వాక్యాలు చాలు

గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టడానికి ఒక నమూనా ఇస్తున్నాను. మీ బడికి తగ్గట్టు మార్చుకోండి.

"ఇక్కడ మన తరగతి గది గురించే మాట్లాడుకుందాం. పిల్లల ముఖాలు, పేర్లు, వ్యక్తిగత వివరాలు పెట్టవద్దు. సాయంత్రం 8 తర్వాత, ఆదివారాలు, సెలవు రోజుల్లో పోస్టులు వద్దు. పెట్టినా వెంటనే జవాబివ్వనక్కర్లేదు. ఇక్కడి మాట, ఫోటో బయటి గ్రూపుల్లోకి వెళ్లకూడదు. ఇక్కడ రాసినదాన్ని బట్టి ఎవరికీ మెమో రాదు, ఎవరి పనితీరూ లెక్కగట్టరు."

చివరి వాక్యం మీరు ఇస్తున్న మాట. స్టాఫ్ మీటింగులో నోటితో కూడా చెప్పండి. ఆ తర్వాత ఏ సందర్భంలోనూ "మీరే గ్రూపులో రాశారు కదా మేడమ్" అని ఎవరి మీదా వాడకండి. ఒక్కసారి వాడితే గ్రూపు ముగిసినట్టే.

సమయం నియమం మీరే ముందు పాటించాలి. రాత్రి పదింటికి హెచ్‌ఎం నుంచి మెసేజ్ వస్తే, వంటింట్లో ఉన్న టీచర్ చేయి తుడుచుకుని ఫోన్ అందుకుంటుంది. రాత్రిపూట ఏదైనా తోస్తే నోట్స్‌లో రాసుకుని పొద్దున పంపండి.

## 5. పిల్లల వివరాలు: ఇక్కడ పొరపాటు జరగకూడదు

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వాళ్ల వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి ఆ చట్టం చాలా బరువు ఇచ్చింది. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 74వ సెక్షన్ నేరం చేశారని ఆరోపణ వచ్చిన లేదా తేలిన పిల్లల, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టకూడదంటుంది. పేరు, చిరునామా, చదివే బడి కూడా అందులోకి వస్తాయి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులకు సంబంధించిన పిల్లల విషయంలోనూ అంతే.

చట్టం సంగతి అలా ఉంచినా, మన బోధన మెరుగుపడటానికి పిల్లల ముఖం అవసరం లేదు. నోటుబుక్కులో లెక్క చాలు.

ఫోటో పెట్టే ముందు:

☐ నోటుబుక్కు అట్ట కాదు, లోపలి పేజీయే తీశాను
☐ పేరు, రోల్ నంబరు కాగితంతో కప్పాను లేదా క్రాప్ చేశాను
☐ వెనకాల పిల్లల ముఖాలు, హాజరు పట్టిక పడలేదు
☐ వ్యాఖ్యలో "ఆ ఫలానావాళ్ల అబ్బాయి" వంటి ఆనవాళ్లు లేవు

అన్నిటికంటే ఎక్కువ జారిపోయేది స్క్రీన్‌షాట్. పోర్టల్‌లో పిల్లల వివరాల పేజీ తెరిచి, ఏదో సందేహం అడగడానికి స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేస్తారు. అందులో పుట్టిన తేదీ, కులం, ఆధార్, తల్లిదండ్రుల ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి. అలాంటిది కనిపిస్తే అడ్మిన్‌గా వెంటనే "అందరికీ డిలీట్" చేయండి. పంపిన టీచర్‌కు ఫోన్ చేసి కారణం చెప్పండి, గ్రూపులో మందలించకండి.

## 6. మొదటి పోస్టు మీదే

"అందరూ తమ అనుభవాలు పంచుకోగలరు" అని మెసేజ్ పెట్టి కూర్చుంటే ఎవరూ పంచుకోరు. ముందు మీరు ఒక పాఠం చెప్పండి. ఆ తరగతిలో పిల్లలకు అర్థం కానిదేదో అదే పోస్టు చేయండి. వారానికి రెండు పీరియడ్లయినా తరగతిలోకి వెళ్లని హెచ్‌ఎం ఈ గ్రూపును నడపడం కష్టం.

పోస్టులో నాలుగు ముక్కలు ఉండాలి: ఏ తరగతి, ఏ పాఠం; నేనేం చేశాను; పిల్లలు ఏం రాశారు; నేను అడిగేదేమిటి. ఒక నమూనా:

"6 బి, దశాంశాలు. నిన్న రూపాయలు, పైసలతో చెప్పాను. ఈరోజు 0.35, 0.4 ఇచ్చి ఏది పెద్దదో రాయమన్నాను. సగం మందికి పైగా 0.35 అన్నారు. ఎందుకని అడిగితే 'నాలుగు కన్నా ముప్పై ఐదు పెద్దది కదా సార్' అన్నారు. మూడు నోటుబుక్కుల ఫోటోలు పెట్టాను. నా ప్రశ్న: సరిగ్గా రాసినవాళ్లకైనా నిజంగా అర్థమైందని ఎలా తెలుసుకోవాలి?"

ఇలాంటి ప్రశ్నకు మంచి జవాబు ఎలా ఉంటుందో కూడా చూద్దాం. గణితం టీచర్ ఇలా రాయవచ్చు: "సార్, ఒక్క జత చాలదు. 0.4, 0.45 కూడా ఇవ్వండి. 0.3, 0.30 కూడా ఇవ్వండి."

ఈ సలహాలో చాలా ఉంది. దశాంశాల్లో పిల్లలు రెండు రకాలుగా తప్పు ఆలోచిస్తారు. బిందువు తర్వాతి అంకెలను మామూలు సంఖ్యలా చదివేవాళ్లు మొదటి రకం. వాళ్లకు 0.35 పెద్దది. పదోవంతు కన్నా వందోవంతు చిన్నది కాబట్టి అంకెలు ఎక్కువున్న సంఖ్య ఎప్పుడూ చిన్నదే అనుకునేవాళ్లు రెండో రకం. వీళ్లు 0.35, 0.4 జతకు సరైన జవాబే రాస్తారు, కానీ తప్పు కారణంతో. 0.4, 0.45 ఇస్తే దొరికిపోతారు, 0.4 పెద్దదంటారు. ఒక్క జతతో పరీక్షిస్తే ఈ రెండో రకం పిల్లలకు టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం.

ఐదో తరగతి టీచర్ మరోటి చెప్పవచ్చు: "మేం 10 అడ్డు, 10 నిలువు గళ్లు గీయించి రంగు వేయిస్తాం సార్. 0.4 అంటే నాలుగు నిలువు వరసలు, మొత్తం 40 గళ్లు. 0.35 అంటే 35 గళ్లు. పక్కపక్కన పెడితే వాళ్లే చెబుతారు." పైసలతో చెబితే ఎప్పుడూ రెండు అంకెలే వస్తాయి, 0.125 దగ్గర ఆ ఉదాహరణ ఆగిపోతుంది. గళ్ల కాగితం మీద ఒక్కో గడిని మళ్లీ పది ముక్కలు చేయవచ్చు.

ఇద్దరు టీచర్లు, రెండు జవాబులు. దశాంశాలపై ఇంతకంటే పనికొచ్చే శిక్షణ ఆ వారం ఇంకెక్కడా దొరకదు. ఇక మీ వంతు: "రేపు మూడు జతలూ ఇచ్చి చూస్తాను, గళ్ల కాగితం శుక్రవారం. ఫలితం పెడతాను." చెప్పినట్టే పెట్టండి. పని చేయకపోతే చేయలేదనే రాయండి.

## 7. వారం నడక

సోమవారం: ఒక టీచర్ ప్రశ్న, ఫోటోతో. ఎవరి వంతో ముందు శుక్రవారమే అనుకోండి.

మంగళ, బుధవారాలు: జవాబులు. ఇద్దరు ముగ్గురు రాస్తే చాలు. మీరు బుధవారం దాకా ఆగండి. హెచ్‌ఎం ముందే జవాబు చెప్పేస్తే మిగతావాళ్లు "యస్ సార్" అని ఊరుకుంటారు.

గురు, శుక్రవారాలు: ఒక ఉపాయాన్ని తరగతిలో చేసి చూడటం. ప్రశ్న అడిగిన టీచర్‌తో పాటు మరొకరు కూడా చేస్తే మేలు.

శనివారం: స్టాఫ్ రూమ్‌లో ఇరవై నిమిషాలు ముఖాముఖి. ఇది వదలకండి. ఫోన్‌లో రాసింది సగమే ఉంటుంది. "అక్కడ పిల్లాడు ఆగిపోయాడు మేడమ్, అప్పుడు నేను ఇలా అడిగాను" అన్న మాట ఎదురుగా కూర్చున్నప్పుడే వస్తుంది. శనివారం తేలింది నాలుగు లైన్లలో గ్రూపులో రాసి, టెలిగ్రామ్‌లో దాచండి.

కాంప్లెక్స్ గ్రూపైతే ప్రతి శనివారం కలవడం కుదరదు. అప్పుడు కాంప్లెక్స్ మీటింగులో అరగంట అడిగి తీసుకోండి. మిగతా వారాల్లో వాట్సాప్ గ్రూప్ కాల్‌తో సరిపెట్టుకోండి, 32 మంది దాకా చేరవచ్చు.

## 8. మాట్లాడనివాళ్లను మాట్లాడించడం

మౌనంగా ఉన్నవాళ్లంతా ఆసక్తి లేనివాళ్లు కాదు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం.

టైపింగ్ ఇబ్బంది. పాతికేళ్ల సర్వీసున్న మాస్టారికి పాఠం గురించి చెప్పడానికి బోలెడు ఉంటుంది, ఫోన్‌లో తెలుగు కొట్టడం రాదు. కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయని చూపించండి. అదీ కష్టమైతే వాయిస్ మెసేజ్ పంపమనండి, ఒక నిమిషం దాటకుండా.

తప్పు దొర్లుతుందన్న భయం. ఇలాంటివాళ్లను గ్రూపులో పేరు పెట్టి పిలవకండి. లీజర్ పీరియడ్‌లో వెళ్లి "మేడమ్, మీ ఏడో తరగతిలో నిన్న చూసిన ఆ పద్ధతి బాగుంది, ఫోటో తీసి పెట్టమంటారా?" అని అడగండి. మొదటిసారి వాళ్ల తరఫున మీరే పెట్టినా ఫర్వాలేదు.

నంబరు అందరికీ తెలియడం ఇష్టం లేకపోవడం. కాంప్లెక్స్ గ్రూపుల్లో మహిళా టీచర్లకు ఇది నిజమైన ఇబ్బంది. అవసరం లేని వ్యక్తిగత మెసేజ్‌లు ఎవరైనా పంపితే అడ్మిన్‌కు చెప్పమని, చెబితే ఆ వ్యక్తిని తీసేస్తామని మొదటి రోజే ప్రకటించండి. చెప్పినప్పుడు వెంటనే తీసేయండి.

మీ జవాబుల తీరు కూడా చూసుకోండి. "గుడ్, కీప్ ఇట్ అప్" అన్నది జవాబు కాదు, బొటనవేలి గుర్తూ కాదు. "రంగు వేసే ముందు ఎన్ని గళ్లు వస్తాయో ఊహించమన్నారు చూడండి, అది బాగుంది. ఊహ తప్పినవాళ్లు ఏమన్నారు?" అని రాయండి. తమ పోస్టు ఎవరో చదివారని టీచర్‌కు తెలియాలి.

## 9. వీడియోలు, ఫార్వర్డులు

బయటి వీడియో వారానికి ఒకటి చాలు. దాన్ని ముందు మీరు పూర్తిగా చూడండి. లింకుతో పాటు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూడాలో, ఏం గమనించాలో రాయండి: "3:20 నుంచి 5:10 వరకు. టీచర్ జవాబు చెప్పకుండా ఎన్నిసార్లు తిరిగి అడిగారో లెక్కపెట్టండి." నలభై నిమిషాల వీడియో ఊరికే పంపితే ఎవరూ తెరవరు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాలు వేరు. పక్క రాష్ట్రం వీడియోలో పాఠం వరస, పదజాలం మన పుస్తకంతో కలుస్తాయో లేదో చూసుకోండి. పాత పుస్తకానికి చేసిన వీడియోలూ చాలా తిరుగుతుంటాయి.

ఏఐతో తయారైన వర్క్‌షీట్లు ఇప్పుడు బాగా వస్తున్నాయి. ప్రతి లెక్కా ఒకసారి మనం చేసి చూశాకే పిల్లలకు ఇవ్వాలి. తెలుగులో వాక్యాలు, ఒత్తులు కూడా సరిచూడాలి.

సొంత వీడియో తీయాలనుకునే టీచర్ ఉంటే మూడు నిమిషాలు చాలు. ఫోన్‌ను స్టాండు మీద అడ్డంగా పెట్టి, బోర్డు, చేతులు మాత్రమే పడేలా తీయమనండి. ఫ్యాన్ ఆపి, కిటికీ వెలుగు బోర్డు మీద మెరవకుండా చూసుకోవాలి. ఆ వీడియోను టీచర్‌ను అడగకుండా మరో గ్రూపుకు పంపవద్దు, మెచ్చుకోవడానికైనా సరే.

సెలవులు, డీఏ, బదిలీల మీద వచ్చే "ఆర్డర్ కాపీ" ఫార్వర్డులు ఈ గ్రూపులో అసలు వద్దు. సర్క్యులర్ల గ్రూపులోనైనా శాఖ వెబ్‌సైట్‌లో కనిపించాకే పెట్టండి.

## 10. తరగతికి చేరిందా, లేదా?

ఎన్ని మెసేజ్‌లు వచ్చాయన్నది లెక్క కాదు. గ్రూపులో సందడి ఉండి నోటుబుక్కులో అదే తప్పు కొనసాగుతుంటే ఆ సందడి దేనికీ కొరగాదు.

మొదటి వారంలో ఇచ్చిన మూడు జతల ప్రశ్నలను మూడో వారంలో, ఆరో వారంలో మళ్లీ ఇవ్వండి. అంకెలు మార్చండి, రకం మార్చకండి: 0.62, 0.7 ఒక జత; 0.8, 0.83 ఒక జత; 0.5, 0.50 ఒక జత. ఎవరు ఏ రకం తప్పు చేస్తున్నారో టీచర్ తన దగ్గర రాసుకోవాలి. గ్రూపులో "మొదటి రకం తప్పు తగ్గింది, రెండో రకం అలాగే ఉంది" అని రాస్తే చాలు. పేర్లు, మార్కుల పట్టిక అక్కర్లేదు.

టీచర్ పిలిస్తేనే తరగతికి వెళ్లి చూడండి. వెళ్లినప్పుడు వెనక బెంచీలో కూర్చుని ఒక్క విషయమే గమనించండి, అదీ టీచర్ అడిగింది. బయటికొచ్చాక ఇద్దరే మాట్లాడుకోండి. ఈ సందర్శనను మీ అధికారిక తరగతి పరిశీలన రిజిస్టర్‌లో ఎక్కించకండి, దానికి వేరే రోజు వెళ్లండి.

ఆరో వారం చివర:

☐ అదే రకం ప్రశ్నలతో పిల్లలను మూడుసార్లు చూశాం
☐ పనిచేసిన ఉపాయం, పనిచేయనిది రెండూ రాసిపెట్టాం
☐ కనీసం ఇద్దరు టీచర్లు ఒకే ఉపాయాన్ని తమ తరగతుల్లో చేశారు
☐ వచ్చే విడత సమస్యను టీచర్లే ఎంచుకున్నారు

## 11. తరచూ వచ్చే చిక్కులు

శుభాకాంక్షలు ఆగడం లేదు. ఆపమని గ్రూపులో హెచ్చరించకండి. "స్టాఫ్ కబుర్లు" అని మరో గ్రూపు తెరిచి అవి అక్కడికి మళ్లించండి. వాటి చోటు వాటికి ఉండాలి.

ఒక్కరే రోజంతా పోస్టు చేస్తున్నారు. ఆ ఉత్సాహం వృథా కానివ్వకండి. టెలిగ్రామ్‌లో ఫైళ్లు సర్దే పని వారికి అప్పగించండి. గ్రూపులో రోజుకు ఒక పోస్టే అని అందరికీ కలిపి చెప్పండి.

వాదన ముదిరింది. ఇంగ్లీష్ మీడియమా, తెలుగు మీడియమా అన్నట్టు తెగని చర్చ మొదలైతే, ఆ రోజుకు గ్రూపును అడ్మిన్లకే పరిమితం చేసి "శనివారం కూర్చుని మాట్లాడుకుందాం" అని రాయండి. శనివారం తప్పకుండా మాట్లాడండి.

స్క్రీన్‌షాట్ బయటికి వెళ్లింది. ఎవరు పంపారో వెతకడం మొదలుపెడితే స్టాఫ్ రెండుగా చీలిపోతుంది. దానివల్ల నొచ్చుకున్న టీచర్ పక్కన ముందు నిలబడండి. పైనుంచి ఎవరైనా అడిగితే జవాబు మీరు చెప్పండి.

సిగ్నల్ లేదు. పాడేరు, ఉట్నూరు వైపు ఏజెన్సీ బడుల్లో ఇది రోజూ ఉండేదే. ఫోటో ఒకటికి మించి పెట్టకండి, వీడియో బదులు మాటల్లో రాయండి. సోమవారం ప్రశ్నను ముందు శనివారమే పంపితే, టీచర్లు సిగ్నల్ ఉన్నచోట చూసుకుంటారు.

ఫోన్ డేటా ఖర్చు, లేదా స్మార్ట్‌ఫోన్ వాడని టీచర్. వారం ప్రశ్న, తేలిన నాలుగు లైన్లు తెల్లకాగితం మీద రాసి స్టాఫ్ రూమ్ బోర్డుకు అంటించండి. ఆ టీచర్ జవాబు చెబితే మీరు వారి పేరుతో గ్రూపులో పెట్టండి.

## 12. బదిలీ వస్తే

హెచ్‌ఎం బదిలీతో గ్రూపు, అందులోని సరుకు రెండూ పోవడం చాలా బడుల్లో జరుగుతుంది. ఈ పనులు బదిలీ ఆర్డర్ వచ్చాక కాదు, ప్రతి విడత చివరా చేసిపెట్టుకోవాలి.

1. వర్క్‌షీట్లు, వారం వారం తేలిన అంశాలు మీ సొంత ఈమెయిల్‌తో కాక, బడి పేరున ఉన్న ఈమెయిల్‌తో తెరిచిన డ్రైవ్‌లో తరగతి, సబ్జెక్టు వారీగా పెట్టండి. పాస్‌వర్డ్ బడి బీరువాలోని కవరులో ఉంచి, ఇన్‌ఛార్జి టీచర్‌కు చెప్పండి.
2. యూట్యూబ్ ఛానెల్, టెలిగ్రామ్ ఛానెల్‌లకు రెండో అడ్మిన్‌ను చేర్చండి. టెలిగ్రామ్‌లో యాజమాన్యాన్ని మరొకరికి మార్చే వీలు ఉంది, రిలీవ్ అయ్యే ముందే మార్చండి.
3. ఏ సమస్యకు ఏ ఉపాయం ఎంతవరకు పనిచేసిందో ఒక నోటుబుక్కులో విడతకు ఒక పేజీ చొప్పున రాయించండి. కొత్త హెచ్‌ఎం మొదటి వారంలో ఫోన్ కన్నా ఆ పుస్తకమే తీసి చూస్తారు.
4. వెళ్లేటప్పుడు గ్రూపులో అడ్మిన్ హోదాను రెండో అడ్మిన్‌కు, కొత్త హెచ్‌ఎంకు అప్పగించి బయటికి రండి. పాత హెచ్‌ఎం లోపలే ఉంటే టీచర్లు ఇద్దరి మధ్య నలిగిపోతారు.
5. రిటైరైనవాళ్లను, బదిలీ అయినవాళ్లను అడిగి తొలగించండి. వాళ్లలో ఎవరైనా ఇంకా పాఠాల గురించి మాట్లాడాలనుకుంటే, పిల్లల నోటుబుక్కుల ఫోటోలు లేని కాంప్లెక్స్ స్థాయి చర్చకు పిలవండి.